ఇరవై నిమిషాల కిందటి వార్త

"నేనే తీసుంటానమ్మా," అన్నాడు ల్యాబులో అందరూ బాబాయి అని పిలిచే పెద్దాయన.

పరీక్షల్లో కాపీలు పట్టే ఫ్లయింగ్ స్క్వాడ్‌లో పద్దెనిమిదేళ్ళు, ఆ పైన సొంత డిటెక్టివ్ ఆఫీసులో ఆరేళ్ళు గడిపింది స్క్వాడ్ మేడమ్. తప్పు ఒప్పుకున్నవాళ్ళని చూసింది, చచ్చినా ఒప్పుకోనివాళ్ళని చూసింది, ఒప్పుకుని మర్నాడు లాయర్ని వెంటబెట్టుకొచ్చినవాళ్ళనీ చూసింది. 'తీసుంటాను' అన్న మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు.

"తీశావా, తీసుంటావా? ఏదో ఒకటి చెప్పు బాబాయ్."

"మిషను చెప్పిందిగా అమ్మా. ఇరవయ్యేడేళ్ళుగా ఈ ల్యాబులో గాజుసామాను కడుగుతున్నాను. మిషను తప్పు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. నేనైతే రోజుకి పది తప్పులు చేస్తాను."

"సరే, మరి పెట్టె ఏది?"

"అదే గుర్తు రావట్లేదు. నీలం పెట్టె చేతిలో ఉన్నట్టు లీలగా ఉంది. ఎక్కడ పెట్టానో తెలియట్లేదు."

"విన్నారా? ఇంకేం కావాలి?" అంటూ కాగితం, పెన్ను బల్ల మీదికి తోశాడు గ్రాఫుగారు.

గ్రాఫుగారంటే ప్రైవేటు సెక్యూరిటీ సలహాదారు. చేతిలో ఎప్పుడూ ఒక టాబ్లెట్, మణికట్టుకి వెడల్పాటి రబ్బరు పట్టీ వాచీ. ఆ వాచీ ఆయన గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో నిమిషనిమిషానికీ రాస్తుంది. మంచినీళ్ళు తాగినా దానికి గ్రాఫు గీస్తాడని ఆయనకా పేరొచ్చింది. ల్యాబు డైరెక్టరు ఎక్కడో మీటింగులో ఉండి ఫోన్లో ఈయన్ని పిలిపించాడు. ల్యాబు నడిపే సైంటిస్టమ్మకి ఆ మనిషి మీద నమ్మకం చాలక, తనంతట తాను స్క్వాడ్ మేడమ్‌కి ఫోన్ చేసింది. దాంతో ఒక దొంగతనానికి ఇద్దరు డిటెక్టివ్‌లు తయారయ్యారు.

వాళ్ళిద్దరికీ ఇది కొత్త పరిచయం కాదు. డిగ్రీ మూడో ఏడు పరీక్షలో గ్రాఫుగారి ఎడమకాలి సాక్సులోంచి పదకొండు చీటీలు తీసింది స్క్వాడ్ మేడమే. ఆ సంగతి ఆయన మర్చిపోలేదు. ఆవిడా మర్చిపోలేదు.

"ఐదున్నరకి పోలీసు వ్యాన్ వస్తుంది. ఆలోపు ఈయన సంతకం పెడితే అందరికీ మంచిది. ఈ వయసులో స్టేషన్లో కూర్చోబెట్టి అడిగితే బాగుంటుందా చెప్పండి."

గోడ గడియారంలో ఐదూ ఐదయింది. బాబాయి పెన్ను తీసుకుని, మూత తీసి, ఇంకో నెలలో రిటైరయ్యే మనిషి కాబట్టి కాబోలు, చాలా శ్రద్ధగా తన పేరులో మొదటి అక్షరం రాశాడు.

మేడమ్ ఆ కాగితం మీద చెయ్యి వేసింది. "ఇరవై నిమిషాలాగు బాబాయ్. మిగతా అక్షరాలు ఎక్కడికీ పోవు."

"ఆగుతానమ్మా," అని పెన్నుకి మళ్ళీ మూత పెట్టాడు బాబాయి. ఆయన్ని ఎవరేం చెప్పినా వినే మనిషిగా దేవుడు పుట్టించాడు. మేడమ్‌కి ఒళ్ళు మండింది కూడా అందుకే. ఇలాంటివాడి చేత సంతకం పెట్టించుకోవడం చిన్నపిల్లాడి చేతిలో బిస్కెట్టు లాక్కోవడం కంటే తేలిక.

"నువ్వు నోట్సు రాసుకో వదినా," అంది వెనక్కి తిరక్కుండా.

వదినంటే మేడమ్ భర్తకి అక్కగారు. మందుల షాపు కౌంటర్లో ముప్ఫై ఏళ్ళు నిలబడి, మోకాళ్ళు అరిగాక మరదలి ఆఫీసులో చేరింది. జీతం లేదు, నోటికి అడ్డూ లేదు. "రాస్తూనే ఉన్నానమ్మాయ్. ఏం జరిగిందో మొదట్నుంచీ ఎవరైనా చెబితే బాగుంటుంది," అంది నోట్‌బుక్ విప్పుతూ.

చెప్పింది సైంటిస్టమ్మే. కుర్చీలో వెనక్కి వాలి, చేతిలో పంచదార నీళ్ళ గ్లాసు పట్టుకుని ఉంది. ముఖం పాలిపోయింది, నుదుటి మీద చెమట. పెట్టె పోయిన దిగులు అనుకున్నారందరూ.

ఈ ల్యాబులో చేసేదంతా ఒత్తిడి గురించి పరిశోధన. మనిషి కంగారు పడితే ఒంట్లో పుట్టే హార్మోన్లని కొలుస్తారు. కొత్త మిషను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి సిబ్బందే రోజుకి మూడుసార్లు ఉమ్ము ఇస్తారు. పొద్దున్నే ల్యాబుకి రాగానే ఒకటి, పదకొండుకి ఒకటి, సాయంత్రం నాలుక్కి ఒకటి. చిన్న దూది చుట్టని రెండు నిమిషాలు నమిలి, పటకారుతో తీసి, ట్యూబులో వేసి, పైన టైము రాయాలి. దూదికి చెయ్యి తగలకూడదు. అది ఇక్కడి చట్టం. మిగతా నలుగురూ ఇవాళ ట్రైనింగుకి వెళ్ళారు కాబట్టి లోపలున్నది సైంటిస్టమ్మ, బాబాయి, అంతే. ముందు గేటు దగ్గర వాచ్‌మన్, ఆయన రిజిస్టరు.

పోయిన నీలం పెట్టెలో ఉండాల్సింది పన్నెండు కొత్త మందు సీసాలు. రేపు ఆస్పత్రిలో మొదటిసారిగా ఒక రోగికి ఇవ్వాలి.

"మూడున్నరకి చల్లగదిలో పెట్టె చూశాను," అంది సైంటిస్టమ్మ. "మూడూ నలభై ఎనిమిదికి బాబాయి కార్డుతో ఆ తలుపు తెరుచుకున్నట్టు కంప్యూటర్లో ఉంది. నాలుక్కి శాంపిళ్ళు. నాలుగుంపావుకి రెండు ట్యూబులూ మిషన్లో పెట్టి మూత వేశాను. ఒకసారి మూత పడితే నంబర్లొచ్చేదాకా నేను కూడా తియ్యలేను. నాలుగూ ఇరవైకి చల్లగదికి వెళితే పెట్టె లేదు. బాబాయి కార్డు తలుపు దగ్గర కింద పడి ఉంది."

"నాలుగూ ముప్ఫై ఐదుకి నాకు ఫోనొచ్చింది, నాలుగూ నలభైకి వచ్చాను," అన్నాడు గ్రాఫుగారు. "రిజిస్టర్లో సంతకముంది. నాలుగూ నలభై ఐదుకి మిషను నంబర్లిచ్చింది. చూడండి."

టాబ్లెట్ తిప్పి చూపించాడు. అందులో రెండు గీతలున్నాయి. ఒకటి సైంటిస్టమ్మది, పందొమ్మిది దగ్గర ఆగింది. రెండోది బాబాయిది. అది పైకి పోయి, పోయి, తెర అంచు దాటి కనిపించకుండా పోయింది.

"తొమ్మిదివందల నలభై," అన్నాడు గ్రాఫుగారు, సొంత మార్కులు చెప్పుకుంటున్నంత ఆనందంగా. "సాయంత్రం పూట మామూలు మనిషికి మూడో నాలుగో ఉండాలి. దొంగతనం చేసినవాడి ఒళ్ళు అబద్ధమాడదు మేడం. దొంగని పట్టడానికి ఇక ప్రశ్నలక్కర్లేదు, ఉమ్ము చాలు."

"మరి మీది?"

"నాదా? నా గుండె ఏ పరిస్థితుల్లోనూ డెబ్బై రెండు దాటదు. నా గ్రాఫు ఎప్పుడడిగినా చూపిస్తాను," అని వాచీ పైకి జరిపి మణికట్టు గోక్కున్నాడు.

వదిన నోట్సు ఆపింది. "ఆ దురదేమిటండీ? చర్మం అంత ఎర్రబడింది."

"పట్టీ పడలేదు లెండి. ఆయింట్‌మెంట్ రాస్తున్నాను."

"రోజుకెన్నిసార్లు?"

"నాలుగైదు."

"నాలుగైదా? దేన్నైనా అలా పూసేస్తారా? పైగా రాసుకున్నాక చేతులు కడుక్కోరు, ఆ టాబ్లెట్ నిండా జిడ్డు మరకలే. మా షాపుకొచ్చే మగవాళ్ళూ అంతే."

"వదినా," అంది మేడమ్.

"నేను మామూలుగానే అంటున్నానమ్మాయ్," అని వదిన నోట్సులోకి వెళ్ళిపోయింది. అయితే మేడమ్‌కి ఆ మాట ఎక్కడో గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

"బాబాయ్, మధ్యాహ్నం నుంచీ ఏం చేశావో చెప్పు."

"మూడున్నరకి కుర్చీలో కూర్చున్నానమ్మా. లేచేసరికి నాలుగున్నర."

"మధ్యలో లేవలేదా?"

"లేచుంటే పెట్టె తీసుండేవాణ్ణి కదా. తీశానంటున్నారు కాబట్టి లేచే ఉంటాను."

మేడమ్ తల పట్టుకుంది. నిందితుడే పోలీసుల పక్షాన వాదిస్తుంటే ఇక కాపాడేదెలా?

"నీ గది చూపించు," అంది.

గాజుసామాను కడిగే గది పొడుగ్గా, సన్నగా ఉంది. ఒకవైపు రెండు సింకులు, పైన కడిగి బోర్లించిన ట్యూబుల వరసలు, మూల బాబాయి కుర్చీ, కుర్చీ వెనక ఆయన అలమారా. గోడకి కొక్కెం, దానికి ఎప్పుడూ ఆయన కార్డు వేలాడుతుంది, తడి చేతులతో జేబులో పెట్టుకోలేడు కనక. రెండో చివర వెనక సందులోకి తలుపు. చెత్త తీసుకెళ్ళేవాళ్ళ కోసం సాయంత్రం దాకా గడియ వెయ్యరు. మేడమ్ ఆ గడియని ఒకసారి లాగి చూసింది.

"ఈ అలమారా వెతికారా?"

"వచ్చీ రాగానే," అన్నాడు గ్రాఫుగారు. "ఏమీ లేదు. సబ్బుపొడి, బ్రష్షులు."

"వచ్చీ రాగానే అంటే?"

"గుమ్మంలోంచి తిన్నగా ఇక్కడికే," అంది గుమ్మాన్ని పట్టుకుని నిలబడ్డ సైంటిస్టమ్మ. "ఇంకే గదీ చూడలేదు. 'అందరూ ఇలా రండి' అని పిలిచి తలుపు తెరిచారు. పెట్టె లేకపోయేసరికి పాపం ఆయనకే నోట మాట రాలేదు."

స్క్వాడ్‌లో మేడమ్ మొదటి రోజే నేర్చుకున్న పాఠం ఒకటుంది. చీటీ ఎక్కడుందో తెలిసినవాడి కళ్ళు అటే పోతాయి. తెలియనివాడు నాలుగు దిక్కులా చూస్తాడు. ఆవిడ గ్రాఫుగారి ముఖంలోకి చూసింది. ఆయన గోడ మీద ట్యూబుల్ని లెక్కపెడుతున్నాడు.

సింకు పక్కన ట్రేలో దూది చుట్టలున్నాయి. పటకార్లు ఒక్కోటీ ఒక్కో కాగితం కవర్లో సీలు చేసి ఉన్నాయి. "ఒక్క శాంపిలుకి ఒక పటకారు," అన్నాడు బాబాయి. "నేనే ఉడకబెట్టి కవర్లలో పెడతాను. ఇవాళ్టికి ఆరు. మనిషికి మూడేసి." చింపిన కవర్లు చెత్తబుట్టలో ఐదే దొరికాయి. ఆరోది సీలు ఊడకుండా ట్రేలోనే ఉంది.

"సైంటిస్టుగారూ, ఆ ట్యూబులు ఒకసారి చూపిస్తారా?"

బాబాయివి మూడు ట్యూబులు. మొదటిదాని మీద 'పొద్దున్నే ఆరు' అని అక్షరాల్లో రాసుంది, తడి తగిలి సిరా పాకింది. రెండోదాని మీద 'పదకొండు', అదీ పాకిపోయింది. మూడోదాని మీద '16:00' అని అచ్చేసినట్టుగా ఉంది.

"బాబాయ్, పదహారు గంటలంటే ఎంత?"

బాబాయి వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదమూడు దగ్గర ఆగి, "అంత రాత్రిదాకా నేనుండనమ్మా," అన్నాడు.

"వదినా, రాసుకో. నాలుగు గంటల శాంపిలు బాబాయి ఇచ్చింది కాదు. నిద్రపోతుంటే ఎవరో ఇప్పించింది."

"ఊహలు," అన్నాడు గ్రాఫుగారు. "ఎవరిప్పించినా ఉమ్ము ఆయనదే కదా? తొమ్మిదివందల నలభై ఆయనదే కదా?"

మేడమ్ స్టూలు లాక్కుని కూర్చుంది. ఐదుంపావు. "సైంటిస్టుగారూ, నాకు హార్మోన్ల గురించి స్కూల్లో చదివింది తప్ప ఏమీ తెలియదు. మూడూ నలభై ఎనిమిదికి నేను దొంగతనం చేశాననుకోండి. నాలుక్కి నా ఉమ్ములో అది తెలుస్తుందా?"

సైంటిస్టమ్మ మరో గుక్క పంచదార నీళ్ళు తాగింది. "పూర్తిగా తెలియదు. భయం పుట్టగానే ముందు పరిగెత్తేది అడ్రినలిన్. క్షణాల్లో గుండె దడ, చెమట. కార్టిసాల్ నింపాది. మెదడు తన కిందున్న గ్రంథికి చెప్పాలి, అది మూత్రపిండాల మీదుండే గ్రంథులకి కబురు పంపాలి, అవి కార్టిసాల్ని రక్తంలోకి వదలాలి, అక్కణ్ణుంచి ఉమ్ములోకి దిగాలి. బాగా పెరిగేసరికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది."

"అడ్రినలిన్ ఫోను, ఇది పోస్టు," అంది వదిన.

"సరిగ్గా అదే. నాలుగింటి ఉమ్ము చెప్పేది మూడున్నర, మూడూ నలభై మధ్య వార్త."

"అప్పటికింకా తలుపే తెరుచుకోలేదు," అంది మేడమ్. "సరే. బాగా కంగారుపడ్డ మనిషికి ఎంతుంటుంది?"

"పదిహేను, ఇరవై. చాలా చాలా కంగారైతే ఇంకాస్త. తొమ్మిదివందలు మనిషికి రాదు. నేను మొదట్నుంచీ అదే చెబుతున్నా, ఈయన వినలేదు."

"రికార్డు కాబోలు అనుకున్నాను," అన్నాడు గ్రాఫుగారు.

"పైగా అంత కార్టిసాల్ ఒంట్లో పోటెత్తితే మనిషి ఇలా ఉండడు. ఉత్తరం రావడం ఒక్కటే కాదండీ, తీసుకునేవాళ్ళుండాలి. మన కణాల్లో దానికోసం రిసెప్టర్లుంటాయి. హార్మోన్ వెళ్ళి అందులో కూర్చుంటేనే పని మొదలవుతుంది. రక్తంలో పంచదార పెరుగుతుంది, బీపీ నిలబడుతుంది. రిసెప్టర్ దొరక్కపోతే హార్మోన్ ఎంతున్నా ఊరికే తిరుగుతుంది. పోయిన మందు చేసే పని కూడా అదే. కొంతమందికి ఈ గ్రంథులు పిచ్చిపట్టినట్టు హార్మోన్ని పోస్తూనే ఉంటాయి. మా మందు ముందే వెళ్ళి రిసెప్టర్లో కూర్చుంటుంది."

"బస్సులో సీటు మీద కర్చీఫు వేసినట్టు," అంది వదిన.

సైంటిస్టమ్మ నవ్వబోయి, కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుంది. వదిన లేచి ముందు బాబాయి నాడి చూసింది, తర్వాత బీపీ చూసింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో బీపీ మిషను లేకపోవడమనేది ఇంతవరకు జరగలేదు. "నూట ఇరవై, ఎనభై. మా తమ్ముడికి కూడా ఇంత బాగా లేదు."

"అంటే ఆ హార్మోన్ ట్యూబులో ఉంది, బాబాయి ఒంట్లో లేదు," అంది మేడమ్. "ఒంట్లోంచి రానిది ట్యూబులోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? బయట ఎక్కడైనా దొరుకుతుందా అది?"

వదిన కళ్ళజోడు సవరించుకుని, నెమ్మదిగా గ్రాఫుగారి మణికట్టు వైపు తిరిగింది.

"మీ ఆయింట్‌మెంట్ ఒకసారి ఇస్తారా?"

"ఎందుకండీ?"

"ముప్ఫై ఏళ్ళు అమ్మాను. ఏదో చదువుకుందామని."

ఆయన ఇవ్వకముందే ఆవిడ ఆయన చొక్కాజేబులోంచి దాన్ని తీసేసుకుంది. మందుల షాపు మనిషికి జేబులో ట్యూబు ఏ మూలనుందో బయట్నుంచే తెలిసిపోతుంది. వెనక్కి తిప్పి, చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చదివింది. "హైడ్రోకార్టిసోన్."

"అది షాపులో అమ్మేటప్పుడు పేరు," అంది సైంటిస్టమ్మ కళ్ళు తెరుస్తూ. "ఒంట్లో తయారైతే దాన్నే కార్టిసాల్ అంటాం. రెండూ ఒకటే పదార్థం. అది రాసుకున్న చేత్తో దూది ముట్టుకుంటే చాలు. అందుకే మాకు పటకార్లు."

గ్రాఫుగారు మణికట్టు వెనక్కి దాచుకున్నాడు. అయినా తేరుకున్నాడు, అంతటి మనిషి ఆయన. "అయితే పొరపాటైంది. నేను ట్యూబుని సాక్ష్యంగా పరిశీలించినప్పుడు అంటుకుని ఉంటుంది. ఒప్పుకుంటున్నాను."

"మీరొచ్చింది ఎప్పుడన్నారు?"

"నాలుగూ నలభై. రిజిస్టర్లో..."

"ట్యూబు మిషన్లోకి వెళ్ళి మూత పడింది నాలుగుంపావుకి. మీరు రాకముందు పాతిక నిమిషాలు. మీ చెయ్యి మీకంటే ముందొచ్చిందా?"

ఆయన వాచీలో టైము చూసుకున్నాడు.

"గ్రాఫు ఎప్పుడడిగినా చూపిస్తానన్నారు. ఇప్పుడడుగుతున్నాను. మూడూ నలభై ఎనిమిదికి మీ గుండె ఎంత?"

"అది వ్యక్తిగతం."

"బాబాయి ఉమ్ము వ్యక్తిగతం కాదా?"

ఆయన టాబ్లెట్ సింకు గట్టు మీదే ఉంది. వదిన వేలితో తెర మీద ఒక్క తోపు తోసింది, ఆవిడకి ఫోన్లో మనవల ఫొటోలు చూసే అలవాటు గట్టిది. గ్రాఫుగారి రోజంతా వరసగా వచ్చింది. పొద్దున్నుంచీ డెబ్బై. మూడూ నలభై ఎనిమిదికి నూట నలభై ఒకటి. నాలుక్కి నూట ముప్ఫై ఎనిమిది. నాలుగూ నలభైకి, అంటే గేటు దగ్గర సంతకం పెట్టి హుందాగా లోపలికొచ్చినప్పుడు, మళ్ళీ డెబ్బై రెండు. అలమారా తెరిచిన నిమిషంలో మాత్రం నూట అరవై.

"ఫోను," అంది వదిన. "క్షణాల్లో కబురు."

గ్రాఫుగారు కుర్చీలో కూలబడ్డాడు. ఆ కుర్చీ బాబాయిది కావడంతో బాబాయి వెంటనే ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"దొంగతనం కాదు మేడం. డెమో," అన్నాడు ఆయన చివరికి. "నా పద్ధతి చూపించి ఇక్కడ సెక్యూరిటీ పని సంపాదించుకుందామనుకున్నాను. ఇక్కడికి ఎన్నిసార్లొచ్చి తిరిగినా డైరెక్టరు పని ఇవ్వట్లేదు. వెనక తలుపులోంచి వచ్చి, కార్డు తీసుకుని, పెట్టె తెచ్చి ఈ అలమారాలో పెట్టాను. నాలుక్కి ఈయన శాంపిలు లేకపోతే నిద్రపోతున్నాడని అందరికీ తెలిసిపోతుంది కదా, అందుకని దూది నోట్లో పెట్టాను. నిద్రలోనే నమిలాడు. నేనే దొంగని పట్టి, నేనే పెట్టె తీసి ఇచ్చి..."

"బాబాయిని జైలుకి పంపి," అంది మేడమ్. ఆవిడ గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు. "రిటైరయ్యే నెలలో. మీ డెమో కోసం."

"పెట్టె దొరికాక క్షమించెయ్యమని నేనే చెబుదామనుకున్నాను మేడం. కానీ పెట్టింది పెట్టినట్టు లేదు. ఎవరు తీశారో నాకు తెలియదు. ఒట్టు." ఆయన చేతికున్న వాచీ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. ఎలా ఆపాలో ఆయనకి కూడా గుర్తు రాలేదు.

మేడమ్ స్టూలు బాబాయి ముందుకి జరుపుకుంది. "బాబాయ్, నువ్వు నాలుగున్నరకి నిద్ర లేచి మొదట ఏం చేశావ్?"

"సబ్బుపొడి కోసం అలమారా తీశానమ్మా."

"అందులో నీలం పెట్టె కనబడితే?"

"దాని మీద చల్లగా ఉంచాలని రాసుంటుంది. సబ్బుపొడి పక్కన ఎవరు పెట్టారని తిట్టుకుంటాను. చల్లగదిలో పెడదామని కార్డు కోసం చూస్తాను. కొక్కేనికి కార్డుండదు. ఇక..." బాబాయి ఆగాడు. ఆయన ముఖంలో ఏదో మెల్లగా వెలిగింది. ఏమీ చెప్పకుండా లేచి బయటికి నడిచాడు. అందరూ వెనకే వెళ్ళారు.

స్టాఫ్ రూములో పాత ఫ్రిజ్ ఉంది. పాల ప్యాకెట్లు పక్కకి జరిపితే వెనకాల నీలం పెట్టె, నిక్షేపంగా, చల్లగా.

"నేనే తీశాను," అన్నాడు బాబాయి. "చెప్పాను కదమ్మా, నీలం పెట్టె చేతిలో ఉన్నట్టు గుర్తుందని."

మేడమ్ ఒక్క అక్షరం సంతకమున్న కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది గ్రాఫుగారి కంట పడకూడదని పెట్టె మూత తీసి తల అందులో పెట్టింది.

పన్నెండు గుంటలున్నాయి. సీసాలు పదకొండున్నాయి.

"నేను మూత తియ్యలేదు," అన్నాడు గ్రాఫుగారు వెంటనే. "కావాలంటే గ్రాఫు చూసుకోండి."

"నేను తీశాను. పగిలాయేమో అని చూశాను. అప్పటికే పదకొండు," అన్నాడు బాబాయి. "ఏం మర్చిపోయినా గాజు లెక్క మర్చిపోను."

ఆ మాట మేడమ్ నమ్మింది. అంటే పన్నెండో సీసా గ్రాఫుగారి చెయ్యి పడకముందే, మూడూ నలభై ఎనిమిదికి ముందే పోయింది. ఆవిడ టాబ్లెట్ తీసుకుని మొదటి పేజీకి వెళ్ళింది. తెర దాటిపోయిన గీత వెంట పడి ఇంతసేపూ ఎవరూ పట్టించుకోని చిన్న గీత అక్కడే ఉంది. పందొమ్మిది.

"సైంటిస్టుగారూ," అంది నెమ్మదిగా. "నాలుగింటి ఉమ్ము మూడున్నర వార్త చెబుతుందని మీరే అన్నారు. మూడున్నరకి పెట్టె భద్రంగా ఉంది. అప్పుడు మీకు అంత భయం దేనికేసింది?"

సైంటిస్టమ్మ ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడింది. కోటు ఎడమచేతిని పైకి మడిచింది. మోచేతి మడతలో చిన్న దూది, దాని మీద ప్లాస్టరు.

"రేపు ఒకావిడకి ఇవ్వాలి. ఇద్దరు పిల్లల తల్లి. ఎలుకలకేం కాలేదు. కానీ మనిషికి ఏమవుతుందో తెలియకుండా ఆవిడకి నా చేత్తో గుచ్చలేననిపించింది. మూడున్నరకి నేనే వేసుకున్నాను." మాటలు ముద్దగా వస్తున్నాయి. "ఎవరికైనా తెలిస్తే పని ఆపించేస్తారని చెప్పలేదు. మందు బాగా పని చేస్తోంది. మోతాదే ఎక్కువైంది. నా సీట్లన్నిటి మీదా కర్చీఫులే."

వదిన అప్పటికే బీపీ పట్టీ చుట్టేసింది. చూసిన అంకె గట్టిగా చదవలేదు. ఆవిడ అంకె చదవకపోవడం మేడమ్ ఎప్పుడూ చూడలేదు. "అమ్మాయ్, పడిపోతోంది. అంబులెన్సుకి చెప్పు."

వాచ్‌మన్ ఫోను చేశాడు. ఇరవై నిమిషాలన్నారు.

"అంతసేపు లేదేమో," అంది సైంటిస్టమ్మ, వదిన భుజమ్మీదికి జారుతూ. "మామూలు మోతాదు చాలదు. లెక్కకట్టి విరుగుడు సిరంజి నింపి ఉంచాను. ఎర్ర మూత డబ్బా. పొద్దున్నే బాబాయికిచ్చాను, ఎవరికీ కనపడకుండా దాచమని."

అందరూ బాబాయి వైపు తిరిగారు. గ్రాఫుగారి వాచీ కూడా ఆ క్షణంలో అరుపు ఆపింది.

బాబాయి రెండు చేతులూ తల మీద పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఎర్ర మూత డబ్బా చేతిలో ఉన్నట్టు లీలగా గుర్తుందమ్మా," అన్నాడు.